కూలర్ గదిలో బేగం

మా ఇంట్లో రెండు గదులు, ఒక వరండా, ఒక కూలర్. పెద్ద గదిలో మా ఆవిడ సరోజన, ఆమె పుస్తకాలు, రిబ్బన్లు. చిన్న గదిలో కూలర్. కూలర్ ముందు పదకొండు పిల్లులు. వరండాలో నేను. పద్నాలుగేళ్లు ఇదే కాపురం.

నవ్వేవాళ్లు నవ్వండి. మే నెలలో చొప్పదండి వచ్చి, మా వరండాలో ఒక్క మధ్యాహ్నం పడుకుని, లేచాక ఓపిక మిగిలితే అప్పుడు నవ్వండి.

నా పేరు రాజలింగు. ఊరి బడిలో ఏడో తరగతి. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు బాయిలో పని. బాయిలో అంటే లోపల కాదు, పైన దీపాల గదిలో. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల నా బల్ల మీద పెట్టి దీపం తీసుకుపోతాడు. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక బల్ల మీద బిళ్ల మిగిలిందంటే ఒక మనిషి లోపలే ఉన్నాడని అర్థం. వెతకాలి. నా బల్ల మీద ఒక్క బిళ్ల తప్పిపోలేదు. నా లెక్కకు తిరుగు లేదని నేను అనుకునేవాణ్ని. ఆ సంగతికి తర్వాత వస్తాను.

సరోజన పోయి మూడేళ్లు కావస్తోంది. పోయినవాళ్ల గురించి మంచి మాటలే చెప్పాలంటారు. నేను జరిగింది చెబుతాను.

బాయి క్వార్టర్లలో ఉన్నప్పుడు, బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు భార్య ఒక పర్షియన్ పిల్లిని తెచ్చి, "రెండ్రోజులు ఉంచుకో సరోజనా" అని ఇచ్చిపోయింది. ఆ రెండు రోజులు ఇంకా అయిపోలేదు.

అసలు పర్షియన్ పిల్లిని మీరెప్పుడైనా చూశారా? పరుగెత్తుకొచ్చి గోడకు గుద్దుకున్నట్టు ఉంటుంది ముఖం. ముక్కు రెండు కళ్ల నడుమ ఇరుక్కుని ఉంటుంది. ఎప్పుడు చూసినా మన మీద కోపంగా ఉన్నట్టే చూస్తుంది. సరోజన చూపు కూడా అంతే. వాళ్లకు వెంటనే కుదిరింది.

ఆమె చదివింది పదో తరగతి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషు పుస్తకాలు చదివింది. ఏ ఆడదాన్ని ఏ మగదానికి ఇస్తే ఏ రంగు పిల్లలు పుడతాయో నేర్చుకుంది. ఒక లావుపాటి రిజిస్టరు పెట్టి ప్రతి పిల్లికి ఐదు తరాల పేర్లు రాసింది. మా తాత పేరు అడిగితే ఆమె ఆలోచించేది. బేగం ముత్తాత పేరు నిద్రలో అడిగినా చెప్పేది.

"పిల్లికి తాత ఎందుకే?" అన్నానొకసారి.

"నీకెందుకు ఉన్నడు?" అంది.

 

బేగం మా ఇంటి పట్టపురాణి. మీగడ రంగు. కాగితాల మీద దాని పేరు 'ఎంప్రెస్ స్నో క్రీమ్ ఆఫ్ చొప్పదండి'. చొప్పదండిలో మంచు ఎప్పుడు పడిందో నాకు తెలియదు. నేను వరండాలోనే ఉన్నాను, పడితే మొదట నా మీదే పడాలి.

కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి, కాగజ్‌నగర్ నుంచి జనం పిల్లి పిల్లల కోసం వచ్చేవాళ్లు. వాళ్లను సరోజన కూర్చోబెట్టి ప్రశ్నలడిగేది. కారులో వచ్చిన ఒక కాంట్రాక్టరును, "మీ బాల్కనీకి జాలీ ఉన్నదా?" అనడిగింది. లేదన్నాడు. "కొట్టిచ్చుకోని రాండ్రి" అని గేటు దాకా సాగనంపింది.

ఆయన పోతూ పోతూ మా వెనుక తలుపు వైపు చూశాడు. దానికి కూడా జాలీ లేదు, పిల్లి దాటకుండా కొట్టే తీగ వల. కొట్టమని సరోజన నాకు చెబుతూనే ఉంది. నేను రేపు అంటూనే ఉన్నాను. ఒకసారి ఆ తలుపులోంచే సుల్తాన్ అనే మగపిల్లి పోయింది, మళ్లీ రాలేదు. గాలికి తలుపు తెరుచుకుందని సరోజనకు నేనే చెప్పాను. ఆ రోజు గాలి లేదు. ఆమె వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత ఆమె జడ్జి అయింది. పిల్లుల పోటీలకు జడ్జి. నాగపూర్, పుణె పిలిచాయి. ఆమె చేతికి పేరొచ్చింది. కళ్లు మూసుకుని పిల్లి తల మీద చెయ్యి పెట్టి, దవడ తడిమి, తోక చివరిదాకా వేళ్లు జార్చి, ఇది ఫలానా ఇంటి రక్తం అని చెప్పేసేది. నా తల మీద మాత్రం పద్నాలుగేళ్లలో ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. పెట్టి ఉంటే కాలుతోందని తెలిసేది.

"వాటికి బొచ్చు ఉంటది, ఎండకు ఆగయి" అనేది కూలర్ గురించి అడిగితే.

"నేను ఆగుతనా?"

"బాయిల పనిచేసినోనివి. నీకు అలవాటే."

"లోపలికి దిగినోళ్లకు అలవాటు. నేను పైన దీపాల గదిల కూసున్నోణ్ని."

"గట్లయితే వరండ గూడ పైనే ఉన్నది. కూసో."

ఇప్పుడు అసలు తప్పు దగ్గరకొస్తున్నాను.

ఒక మార్చి నెల మధ్యాహ్నం. బేగం ఎదకు వచ్చింది. రెండు రోజులుగా ఒకటే అరుపు, నేల మీద దొర్లడం. మర్నాడు కరీంనగర్ తీసుకుపోయి నవాబు అనే మగపిల్లి దగ్గర వదలాలి. ఆడపిల్లినే మగపిల్లి ఇంటికి పంపాలట, అది వీళ్ల పద్ధతి. ఆ ఏర్పాట్లు మాట్లాడటానికి సరోజన తన శిష్యురాలు భవ్యశ్రీ ఇంటికి పోయింది. నవాబు ఆ అమ్మాయిదే. పోతూ ఒకటే మాట చెప్పింది:

"బేగం ఉన్న గదికి పోకు. ఎన్కతలుపు తియ్యకు."

ఇది ఒక మాట కాదు, రెండు. రెండూ తప్పాను.

చిన్న గదిలోకి పోయి కూలర్ ముందు చాప వేశాను. పిల్లులు పదకొండూ లేచి నన్ను చూశాయి, అద్దె కట్టకుండా వచ్చినవాణ్ని చూసినట్టు. పావుగంటలో ఒళ్లంతా జిగట. కూలర్ సంగతి తెలిసినవాళ్లకు తెలుసు, గదిలో గాలి బయటికి పోయే దారి లేకపోతే అది చల్లదనం ఇవ్వదు, ఉక్క పోస్తుంది. వెనుక తలుపు గడియ తీసి, నాలుగు వేళ్ల సందు ఉంచి, చెప్పు అడ్డం పెట్టాను. హాయిగా ఉంది. పద్నాలుగేళ్ల నిద్ర ఒక్కసారే వచ్చింది.

మెలకువ వచ్చేసరికి ఒక వీధి పిల్లి, గండు, నల్లది, ఒక చెవి చినిగినది, కుస్తీ గెలిచినవాడిలా ఒళ్లు విరుచుకుంటూ సందులోంచి బయటికి పోతోంది. తొందరేమీ లేదు దానికి. గోడెక్కి, ఒకసారి వెనక్కి చూసి, దిగిపోయింది.

బేగం అరవడం లేదు. కాళ్లు నాక్కుంటోంది. రెండు రోజులుగా నేను కోరుకున్న నిశ్శబ్దం అది. వచ్చాక నచ్చలేదు.

సరోజనకు చెప్పలేదు. మర్నాడు బేగంను నవాబు దగ్గరకు తీసుకుపోయింది. నవాబుకు కూడా ఎవరూ చెప్పలేదు.

రెండు నెలల తర్వాత సరోజన మూడు రోజుల జడ్జీల తరగతికి హైదరాబాద్ పోయింది. ఈనడానికి ఇంకా ఐదు రోజులుందని చెప్పి, బేగం కడుపు రెండు చేతులతో తడిమి, పోయింది. బేగం ఆ లెక్క వినలేదు. ఆమె పోయిన మర్నాడు పొద్దున్నే ఈనింది. నాలుగు పిల్లలు. మూడు మీగడ ముద్దలు. నాలుగోదాని ఎడమ తొడ మీద రూపాయి బిళ్లంత బూడిద రంగు మచ్చ.

సరోజన చెప్పగా చెప్పగా నాక్కూడా ఒక పాఠం వచ్చింది. తల్లీ తండ్రీ మీగడ రంగువైతే పిల్లలన్నీ మీగడ రంగే. ఇంకో రంగు చుక్క పడదు. పడిందంటే ఇంకో తండ్రి ఉన్నాడు. ఒకే ఈతలో ఇద్దరు తండ్రులు కుదురుతారట పిల్లుల్లో. ఆ సంగతి విన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రాలేదు.

ఈ మచ్చ బయటపడితే ఆ నాలుగింటికీ కాగితాలుండవు. చొప్పదండి సరోజన ఇంట్లో వీధి పిల్లి రక్తం కలిసిందని ఊరూరా పాకుతుంది. ఇరవై రెండేళ్లు కట్టుకున్న పేరు. నా చెప్పు సందులోంచి పోయింది.

ఇక నా సంగతా? వరండా కూడా ఉండదు.

పక్కింటి వెంకటికి మైక్ సెట్ ఉంది. పెళ్లికీ చావుకీ ఆటో మీద మైకు కట్టుకుని అరుస్తాడు. మైకు లేనప్పుడు కూడా అంతే అరుస్తాడు. అందుకే మైకు వెంకటి. అతని భార్య గంగుబాయి, ఇచ్చోడ మనిషి. వాళ్ల కొట్టంలో ఒక వీధి పిల్లి అదే వారం ఈనింది. మచ్చల కూనను టిఫిన్ గిన్నెలో పెట్టుకుపోయి ఆ తల్లి కింద కలిపాను.

"గంగుబాయీ, దండం పెడత. ఎవ్వలకు చెప్పకు. ముఖ్యంగ వెంకటికి."

"నేనెందుకు చెప్త అన్నా? మా ఇంట్ల నోరంత ఆయనకే పోయింది. నాకు మిగల్లే."

దానికి బూడిద అని పేరు పెట్టింది ఆమే.

సరోజన వచ్చింది. సంచీ కింద పెట్టక ముందే అడిగింది.

"ఎన్ని?"

"మూడు."

బేగం దగ్గర కూర్చుంది. కడుపు నిమిరింది. నా వైపు చూసింది.

"మూడేనా?"

"ముప్పై ఒక్క ఏండ్లు బిళ్లలు లెక్కపెట్టిన. మూడు."

"సరే."

పెళ్లయినప్పటి నుంచి ఆమె నాతో సరే అనడం అదే మొదటిసారి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. సంతోషం వచ్చింది.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. ఆ మూడు కూనలకు ఆమె కాగితాలు రాయలేదు. అవి ఎదిగాక, తెలిసినవాళ్ల ఇళ్లలో సాకుకోమని ఊరికే ఇచ్చేసింది. ఎందుకే అంటే, "నా ఇష్టం" అంది. అది మామూలు జవాబే కాబట్టి ఊరుకున్నాను.

ఇటు గంగుబాయి కొట్టంలో బూడిద పెరిగింది. ఇంకా పెద్ద వింత. తండ్రి పొట్టి బొచ్చు వీధి పిల్లి, దీనికి మాత్రం బారెడు బొచ్చు వచ్చింది. ముఖం కాస్త చప్పిడి. తొడ మీద మచ్చ ఒక్కటి తీసేస్తే ఎవరైనా పర్షియన్ అనే అంటారు. గొడ్ల కొట్టంలో పెరిగిన పిల్లికి బొచ్చు రోజూ దువ్వినట్టు నిగనిగలాడేది. గడ్డి మీద పడుకుంటే అంత నిగారింపు వస్తుందేమో అనుకున్నాను. నేనూ రెండు రోజులు గడ్డి మీద పడుకుని చూశాను. దురద వచ్చింది.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. దాంతో పాటు కరీంనగర్‌లో పిల్లుల పోటీ. పర్షియన్లకు జడ్జి సరోజన. సొంత జిల్లాలో మొదటిసారి. ఆ వారం ఆమె నడక మారింది. నాకు చెమట, ఆమెకు గర్వం. ఒక సాయంత్రం వెంకటి, గంగుబాయి చాయ్‌కి వచ్చినప్పుడు నోరు జారాను.

"నీ చెయ్యికి అన్ని తెలుస్తయా?"

"తెలుస్తయ్."

"మోసం జేసి పెడితె?"

"అదే ముందు తెలుస్తది."

"తెల్వకుంటె?"

సరోజన గ్లాసు కింద పెట్టింది. "తెల్వనాడు రిబ్బన్లు పెంటల పారేస్త. పిల్లులను పంచేస్త. గది నీది, కూలర్ నీది. వెంకటన్నా, విన్నవు గదా?"

వెంకటి విన్నాడు. వెంకటి ద్వారా మా వీధి మొత్తం విన్నది.

కూలర్ నాది! ఆ రాత్రి పడుకోలేదు. పొద్దున్నే కొట్టంలోకి పోయి బూడిదను చూశాను. అది నన్ను చూసింది. పథకం తయారైంది.

కాగితాలు లేని పర్షియన్లను చూపు మీదే నిలబెట్టే వరుస ఒకటుంది. దానికీ జడ్జి సరోజనే. వెంకటి పేరు మీద బూడిదను ఆ వరుసలో పెట్టించాలి. ఆమె దానికి ఒక రిబ్బను ఇస్తే చాలు, నేను లేచి, ఇది వీధి పిల్లి బిడ్డ అంటాను. ఇంటికొచ్చి కూలర్ ముందు కాళ్లు చాపుతాను.

మచ్చ మీద పూయడానికి, ముఖానికి రాసుకునే పౌడరులో చిటికెడు పసుపు కలిపాను. సరిగ్గా మీగడ రంగు. నాకు నేనే ముచ్చటపడ్డాను.

ఆదివారం కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు. ముందు రోజు పెళ్లి జరిగినట్టుంది, స్టేజీ మీద ఎర్ర మఖ్మల్ సింహాసనాలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన జడ్జీల బల్లలు. కింద వరుసగా నంబర్లున్న పంజరాలు. గంగుబాయి పోయి కాగితం నింపి బూడిదను ఇచ్చింది. పదిహేడో నంబరు పంజరం. మైకు కాంట్రాక్టు మన వెంకటిదే. పొద్దున పది గంటలకు ఎవరో ఇచ్చిన నిబంధనల కాగితం చదవడం మొదలుపెట్టాడు.

"జడ్జి పంజరాల దిక్కు చూడరాదు! జడ్జి ఇంట్ల పుట్టిన పిల్లిని, జడ్జి ఇంటోళ్లు సాదిన పిల్లిని, ఆ జడ్జి ముంగట పెట్టరాదు! పెట్టినట్టు తేలితే ఆ జడ్జి బిళ్ల వాపస్! మల్ల జన్మల ఇయ్యరు! ధన్యవాదాలు!"

వేళ్ల మీద లెక్కపెట్టాను.

బూడిద జడ్జి ఇంట్లో పుట్టింది. పెట్టింది జడ్జి మొగుడు. ఆమె మోసపోతే పేరు పోతుంది. మోసపోకపోతే, పిల్లి ఎవరిదో తేలితే, బిళ్ల పోతుంది. రెండు దారుల్లోనూ ఆమె పోతుంది. నాకు కావలసింది కూలర్. ఆమె బతుకు కాదు.

పదిహేడో పంజరం దగ్గరకు పరుగెత్తాను. భవ్యశ్రీ అడ్డం వచ్చింది.

"అంకుల్, మీరిటు రావద్దు. ఆంటీ జడ్జి కదా, రూల్ ఒప్పుకోదు."

"జర బాత్రూం ఎటు?"

"అటు. ఇటు పిల్లులు."

గంగుబాయి కోసం చూశాను. అన్నం దగ్గర వరుసలో నిలబడింది, కదలనంది. ఇక మిగిలింది వెంకటి. చెవిలో చెప్పాను: "పదిహేడుకు జ్వరమని చెప్పి పంజరం బయటికి పంపియ్యమను. మెల్లగ, భవ్యశ్రీకి మాత్రమే."

మైకు వెంకటికి మెల్లగా అనే మాట అర్థం తెలియదని ఆ క్షణంలో మరిచాను.

"అందరు జర వినుండ్రి! పదిహేడో నంబరుకు జ్వరం! అంటురోగమో కాదో ఇంక తెల్వలే! ఎవ్వలు పరేషాన్ కాకుండ్రి!"

అందరూ పరేషాన్ అయ్యారు. మా పిల్లికి అంటుతుందంటే మా పిల్లికి అంటుతుందని జనం పంజరాలు తెరిచి పిల్లులను ఎత్తుకున్నారు. ఎత్తుకున్నవి ఎత్తుకున్నట్టే జారాయి. ఒకటి తెర పట్టుకుని పైకెక్కింది. రెండు అన్నం బల్ల కింద దూరాయి. ఒక తెల్లది పెళ్లికొడుకు సింహాసనం ఎక్కి కూర్చుంది, దించబోయిన నలుగురికీ చేతులు గీకింది. "నా రాకీ! నా రాకీ!" అని ఒకాయన ఏడుస్తూ తిరుగుతున్నాడు. అతని రాకీ అతని భుజం మీదే ఉంది.

పశువుల డాక్టరు పరుగున వచ్చి బూడిదకు థర్మామీటరు పెట్టాడు. చూశాడు. నన్ను చూశాడు.

"దీనికి జ్వరం లేదు. మీకున్నట్టుంది."

ఈ గందరగోళంలో స్టేజీ మీద ఒక్క మనిషి కదలలేదు. సరోజన. చేతిలో పిల్లి, చూపు బల్ల మీద. తల తిప్పకుండానే గొంతెత్తింది.

"ఫ్యాన్లు బంద్ చెయ్యుండ్రి. తలుపులు ముయ్యుండ్రి. ఎవ్వలు ఉరకకుండ్రి, నిలబడుండ్రి. అవే వస్తయ్."

నిలబడ్డారు. పావుగంటలో అవే వచ్చాయి. నేను కూడా నిలబడ్డాను, మిగతావాటిలాగే.

"పదిహేడు" అని పిలిచారు.

భవ్యశ్రీ బూడిదను తెచ్చి బల్ల మీద పెట్టింది. సరోజన చేతులు కడుక్కుని తుడుచుకుంది. కళ్లు మూసుకుని తల మీద చెయ్యి పెట్టబోయింది. అంతకుముందే బూడిద ఎగిరి ఆమె భుజమెక్కి, మెడలో ముఖం పెట్టి, గురగురమని మొదలుపెట్టింది. కొత్త మనిషి దగ్గర పిల్లి అట్లా చేయదు. నాకేమీ అర్థం కాలేదు.

ఆమె దాన్ని మెల్లగా దించింది. తెల్ల దస్తీ తడిపి ఎడమ తొడ మీద ఒకసారి రుద్దింది. సరిగ్గా అక్కడే. బూడిద మచ్చ బయటపడింది. దస్తీ వాసన చూసింది. నవ్వలేదు. మైకు అడిగింది.

"ఈ పిల్లి మా ఇంట్ల పుట్టింది. తల్లి బేగం. తండ్రికి కాగితం లేదు. దీన్ని నేను చూడరాదు. పెట్టొద్దని నేను ఇంటోళ్లకు ముందే చెప్పుకోవాలె, చెప్పుకోలే. తప్పు నాదే. ఇగో నా బిళ్ల."

కోటుకున్న జడ్జి బిళ్ల విప్పి బల్ల మీద పెట్టింది.

మా బాయిలో మనిషి బిళ్ల బల్ల మీద పెట్టాడంటే లోపలికి దిగుతున్నాడని. తిరిగి ఎక్కి వస్తాడో లేదో పైన కూర్చున్నవాడికి తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లు పైన కూర్చున్నాను.  ఆ రోజు ఆ బిళ్ల మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద జడ్జి లేచాడు. "ఇది పెట్టినదెవరు?"

మైకు తిరిగి తీసుకున్న వెంకటి నా వైపు వంగి రహస్యంగా అడిగాడు. చేతిలో మైకు ఉందని మరిచాడు.

"లింగన్నా, నీ పేరు చెప్పాల్నా, దాచాల్నా?"

హాలంతా వినిపించింది. మూడు వందల తలలు తిరిగాయి. పిల్లులవి అదనం.

స్టేజీ ఎక్కాను. "ఆమెకు తెల్వది సార్. నేనే పెట్టిన. బిళ్ల ఆమెకు ఇచ్చెయ్యుండ్రి. తప్పంత నాదే."

"ఎందుకు పెట్టారు?"

"కూలర్ కోసం."

"ఏ కూలర్?"

ఇక చెప్పాల్సి వచ్చింది. పద్నాలుగేళ్లు, వరండా, చాప, చెప్పు సందు, అన్నీ. నేను ఏడుపు మొహంతో చెబుతుంటే జనం కుర్చీలు పట్టుకుని నవ్వారు. పెద్ద జడ్జి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత బిళ్ల తీసి సరోజన చేతిలో పెట్టాడు. మార్కులు వేయకముందే ఒప్పుకున్న జడ్జికి దోషం లేదట. ఈ మాట వెంకటి చదివిన కాగితంలో రెండో వైపు ఉందట. వెంకటి కాగితం తిప్పలేదు.

బూడిదను జాతి లేని ఇంటి పిల్లుల వరుసలోకి మార్చారు. పెద్ద జడ్జే చూశాడు. మచ్చిక బాగుంది, బొచ్చు పోషణ బాగుంది అని మొదటి బహుమతి ఇచ్చాడు. ఆ వరుసలో గెలిచిన పిల్లి యజమాని ఒక హామీ కాగితం మీద సంతకం చేయాలి. వెంకటి మైకులో, "నాది కాదు, లింగన్నది!" అన్నాడు. సంతకం నేనే చేశాను. బతికున్నంత కాలం విడిచిపెట్టను. వీధిలోకి వదలను. చివరి గీత కింద సరోజన పెన్నుతో ఇంకో మాట చేర్చింది: ఎండాకాలం కూలర్ గదిలో ఉంచుతాను.

గది ఖాళీ చేయిద్దామని పోయినవాణ్ని పన్నెండో పిల్లితో తిరిగొచ్చాను. అదీ నా పేరు మీద.

తిరుగు ప్రయాణం వెంకటి ఆటోలో. నా ఒళ్లో పంజరం.

"నీకెట్ల ఎర్క?" అన్నాను.

"హైదరాబాద్ పోయేటప్పుడు బేగం కడుపుల నాలుగు తలకాయలు నా చేతికి తగిలినయ్. వచ్చినంక మూడన్నవ్. మీ బాయిల ఒక బిళ్ల మిగిలితె ఏం జేస్తరు?"

"వెతుకుతం."

"వెతికిన. గంగుబాయి కొట్టంల దొరికింది."

గంగుబాయి వైపు తిరిగాను. "నోరు లేదంటివి?"

"నేను చెప్పలే అన్నా. అక్కనే వచ్చింది. రోజు పొద్దుగాల నువ్వు లేవకముందు వచ్చి పాలు పోసి, దువ్వి పోయేది. నోరు లేనిదాన్ని, ఎట్ల వద్దంట?"

"మరి నాకు చెప్పొద్దానే, సరోజా?"

ఆమె రోడ్డు వైపు చూస్తూ అంది: "నువ్వే చెప్తవేమోనని ఏడాది చూసిన."

 

ఆ తర్వాత రెండు వానాకాలాలకు సరోజన పోయింది. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు లేదు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

భవ్యశ్రీ వచ్చి బేగంను, మిగతావాటిని, కాగితాలను తీసుకుపోయింది. "బూడిదను గూడ తీస్కపో బిడ్డా" అన్నాను. ఆ అమ్మాయి ఫోనులో హామీ కాగితం ఫోటో చూపించింది. నా సంతకం. ఏడో తరగతి సంతకమైనా స్పష్టంగానే ఉంది.

రిజిస్టరు మాత్రం ఉంచుకున్నాను. ఒకరోజు బేగం పేజీ తీశాను. ఆమె చేతిరాత.

'పిల్లలు నాలుగు. కాగితాలు దేనికీ రాయొద్దు. మచ్చదాని తండ్రి చినిగిన చెవి గండు. పట్టుకుని చెయ్యి పెట్టి చూసిన. తల మన సుల్తాన్‌దే, వాని కొడుకు. అందుకే పొడుగు బొచ్చు. సుల్తాన్ పోయింది ఎన్కతలుపుల నుంచి. గండు వచ్చింది గదే తలుపుల నుంచి. తలుపు తీసింది రెండుసార్లు మా ఆయనే. గాలి కాదు.'

కింద ఇంకో గీత. 'జాలీ కొట్టియ్యాలె.'

ఇప్పుడు గది నాది. కూలర్ నాది. ఇంట్లో అడ్డం చెప్పేవాళ్లు లేరు. కూలర్ ముందు, సరిగ్గా నడిమధ్యలో, బూడిద పడుకుంటుంది. జరిపితే మళ్లీ అక్కడికే వస్తుంది. పోనీ పక్కన పడుకుందామంటే వెనుక తలుపు తీయకపోతే ఉక్క. తీస్తే అది వీధిలోకి పోతుంది. హామీ ఇచ్చాను. కాబట్టి తలుపు తీసి, గడప మీద నేను అడ్డం కూర్చుంటాను.

సరోజన కూడా మధ్యాహ్నాలు ఆ గడప మీదే కూర్చునేది, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని. హాయిగా కూలర్ గాలికి కూర్చుందని పద్నాలుగేళ్లు వరండాలో పళ్లు కొరికాను.

ఆ గడప మీదికి కూలర్ గాలి రాదు. ముందు ఎండ, వెనుక ఉక్క. వరండానే నయం.

మొన్న వెంకటి గోడ మీంచి చూసి అరిచాడు. "లింగన్నా! ఎండల గడప మీద ఎందుకు కూసున్నవే? గా తలుపుకు ఒక జాలీ కొట్టిచ్చుకోరాదు?"

"రేపు" అన్నాను.